అత్త దున్ననివ్వని దిబ్బ

మా మేనత్త పోయిందని నేను పనిచేసే టెక్కలి తాలూకా ఆఫీసుకి కబురొచ్చింది. బస్సు పట్టుకుని ఉద్దానం చేరేసరికి దహనం కూడా అయిపోయింది. పెరట్లో ఆవిడ కోళ్ళు మేతకోసం నా కాళ్ళ చుట్టూ చేరాయి. వాటిని చూస్తే ఏడుపుకన్నా ముందు సిగ్గే వచ్చింది.

అత్త తోట చివర ఇసకదిబ్బలో గుంటనక్కల జంట ఉండేది. ఊళపెట్టే నక్కలు కావవి. పిల్లికన్నా కాస్త పెద్దవి, తోక చివర నలుపు. జిత్తులమారివని పేరేగాని, తినేది పీతలు, ఎలకలు, చెదలు, రేగుపళ్ళు. పిల్లలు పుట్టాక మగది సముద్రపొడ్డు నుంచి పీతని నోట కరుచుకొచ్చేది.

"మొగుడంటే అదిరా. మీ మావ నాకేనాడైనా పీత తెచ్చినాడేటి?" అని నవ్వేది అత్త.

బియ్యానికి రేషను ఎత్తేసిన ఏడు ఆవిడ పెట్టకోడి మాయమైంది. "గుంటనక్కే తినీసింది" అంది. అక్క మాట పట్టుకుని మా నాన్న బొరియలన్నీ మూసి, ఒకదాంట్లో పొగపెట్టాడు. తల్లీపిల్లలూ లోపలే చచ్చిపోయాయి. తవ్వితే పీతడిప్పలు, ఎలకల ఎముకలే. ఒక్క ఈక లేదు. నాన్న వాటిని అక్కడే పూడ్చేశాడు.

కొన్నాళ్ళకి మొగలిపొదలోంచి ఆ కోడి పిల్లల్నేసుకుని బయటికొచ్చింది. పొదిగిందన్నమాట. అత్త గుమ్మంలో కూలబడింది.

మగనక్క అప్పటికీ వస్తూనే ఉంది. పూడ్చినచోట వాసన చూసి, పీతని అక్కడ వదిలి వెళ్ళిపోయేది. తర్వాత అదీ రావడం మానేసింది.

అత్త ఆ కోడిని కొయ్యలేదు, దాని పిల్లల్నీ కొయ్యలేదు. దిబ్బమీద జీడిమొక్కలు వేస్తానని నాన్న ఎన్నిసార్లడిగినా, "ఆ ఇల్లు మనది కాదురా" అనేది.

"నక్కకి కూడా మైల పడతావేటత్తా?" అని ఓసారి వేళాకోళం చేశాను.

"నవ్వరా. సెయ్యని తప్పుకి దాన్ని సంపించినాను. నాకు తలెత్తబుద్ధి కాదు" అంది. నేను ఇంకా నవ్వాను. ఏం మనిషిని నేను!

దినాలు కాకుండానే నాన్న జీడిమొక్కలు పట్టుకుని దిబ్బకి బయల్దేరాడు. ఈసారైనా ఆవిడ మాట నిలబెడదామని వెనకే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి నాన్న గునపం పక్కనపెట్టి కూర్చునున్నాడు. పూడ్చిన బొరియ దగ్గర పీతడిప్పల కుప్ప. పాతవి తెల్లగా ఎండిపోయాయి. పైన రెండు పీతలు, ఇంకా కాళ్ళు విడిపోలేదు. అమ్మేవాళ్ళు కాళ్ళకి కట్టిన తాటినార కూడా అలాగే ఉంది.

"వారం వారం పీతలు కొనేది. వండుకుంటందనుకున్నాను" అన్నాడు నాన్న, నా మొహం చూడకుండా. ఆ ఇంట్లో పీతలకూర నేనెప్పుడూ తినలేదు.

నాన్న మొక్కలు ఎత్తుకున్నాడు. ఆ కుప్ప కాలికి తగలకుండా చుట్టూ తిరిగి దిబ్బ దిగాడు.