పాము ఏడు, మేక ఏడు

పది రోజుల కిందట ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"మేడం, నేను యాకూబ్‌ను, గోదావరిఖని నుంచి. చైనోళ్ల మిషన్ కాడ పనిచేసినం గదా. మన రాజన్న పోయిండు మేడం. వచ్చే ఐతారం నెల మాసికం. మీ నంబర్ ఆయన ఫోన్ల దొరికింది."

మొదటి షిఫ్టుకు తయారై, బూట్లు తొడుక్కుంటూనే ఒరిగిపోయాడట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట.

నేను హైదరాబాదులో చైనా భాష నేర్పుతాను. తొమ్మిదేళ్ల కిందట బొగ్గు కోసే పెద్ద యంత్రాన్ని బిగించడానికి చైనా ఇంజనీర్లు గోదావరిఖని వచ్చారు. వాళ్లకు దుబాసీగా ఎనిమిది నెలలు అక్కడే ఉన్నాను. రాజయ్య, యాకూబ్ ఆ యంత్రం దగ్గర ఫిట్టర్లు. రాజయ్య విషయంలో నావల్ల ఒక తప్పు జరిగింది. ఇక ఆయనకు చెప్పుకునే దారి లేదు. కనీసం ఇంటిదాకా వెళ్లి రావాలనిపించింది. ఇందులో పేర్లన్నీ మార్చాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో సికింద్రాబాదులో కాగజ్‌నగర్ రైలెక్కాను. సెలవు రోజు కావడంతో కిటికీ పక్కన చోటు దొరికింది. కాజీపేట దాటాక ఎదురు సీటులో ఉన్న పెద్దమ్మ పల్లీలు ఒలుస్తూ, "ఎటు వోతున్నవ్ బిడ్డా?" అంది. గోదావరిఖనిలో తెలిసినవాళ్లు పోయారని చెప్పాను. "బాయిల పనిచేసెటోడా?" అంది, బొగ్గుగనిని ఉద్దేశించి. అవునన్నాను. ఆమె పిడికెడు పల్లీలు నా చేతిలో పోసి కిటికీ వైపు తిరిగింది.

జమ్మికుంట దాటేసరికి మనసు ఆ రోజుల్లోని గని క్యాంటీను మీదికి పోయింది. లియు అనే ఇంజనీరు యాభై దాటిన మనిషి, కబుర్లపోగు. ఒకరోజు షిఫ్టు దిగాక అందరి గుర్తింపు కార్డులూ తీయించి, పుట్టిన ఏడు చూసి ఎవరిది ఏ జంతువో చెప్పడం మొదలుపెట్టాడు. చైనావాళ్లకు పన్నెండేళ్లకు పన్నెండు జంతువులు. ఏ జంతువు ఏట పుడితే ఆ గుణం వస్తుందని వాళ్ల నమ్మకం. ఎలుక ఏట పుట్టినవాడు చురుకు, ఎద్దు ఏటివాడు కష్టజీవి, పులి ఏటివాడు ఎవరికీ లొంగడు. అందరూ పిల్లల్లా మూగారు.

యాకూబ్ కార్డు చూసి లియు అన్న మాటకు గొర్రె అనీ అర్థముంది, మేక అనీ ఉంది. గొర్రె అంటే నవ్వుతారని నేను ఆలోచించి మేక అన్నాను. మెత్తని మనసు, ఎదుటివాళ్ల బాధ చూడలేడు, గొడవ వస్తే తానే తగ్గుతాడు. అందరూ యాకూబ్ వీపు తట్టారు.

తర్వాత రాజయ్య. ఆయన కార్డు మీద ఉన్నది పాము ఏడు. లియు చాలాసేపు చెప్పాడు. పాము ఏట పుట్టినవాళ్లు లోతుగా ఆలోచిస్తారట. తక్కువ మాట్లాడతారట. నమ్మి చెప్పిన మాటను ప్రాణం పోయినా బయటపెట్టరట. అప్పటికే బయట జీపు హారన్ కొడుతోంది. నేను సంచి సర్దుకుంటూ, "పాము. మనసులోది బయటికి చెప్పరు, కడుపులో దాచుకుంటారు" అనేసి లేచాను. క్యాంటీనంతా గొల్లున నవ్వింది, ఆ రోజు నుంచే ఆయన పేరు పాము అయింది. ఆ దేశంలో పాము తెలివికి గుర్తు. మన దగ్గర పామంటే పగ, విషం. ఆ తేడా చెప్పడమే నా ఉద్యోగం. ఆ రోజు నేను ఆ పని చేయలేదు.

నేను తిరుగు ప్రయాణమైన రోజు రాజయ్య జీపు దగ్గరికి వచ్చాడు. "మేడం, గా జంతువుల ముచ్చట కార్డు మీది ఏడు చూసే చెప్తరా, ఇంకేమన్న చూస్తరా?" అని అడిగాడు. ఏడు చూసే అన్నాను. తలూపి వెళ్లిపోయాడు.

ఒంటి గంట కావస్తుండగా రామగుండంలో దిగాను. షేర్ ఆటోలున్నాయి గానీ యాకూబ్ బండి వేసుకుని వచ్చాడు. గడ్డం బాగా నెరిసింది. విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దాటాక, నేనే అడిగాను, రాజయ్యను ఇంకా పాము అనే పిలిచేవారా అని.

"అనెటోళ్లు మేడం. పామన్న వచ్చిండు, పైలం అనెటోళ్లు. ఒకసారి మావోళ్లు మాట్లాడుకున్న ముచ్చట ఆఫీసుకు చేరింది. ఎవడు చెప్పిండో తెల్వది. అందరు రాజన్న మీదనే అనుమానపడ్డరు. పాము గదా, కడుపుల పెట్టుకుంటడు, కాటేస్తడు అన్నరు. ఆరు నెలలు ఆయన పక్కన కూసుని ఎవలు అన్నం డబ్బా విప్పలే."

"నువ్వు?"

"నేను కూసున్న. గానీ అనాల్సిన మాట ఒకటుండె. అది అనలే." బండి వేగం పెంచాడు. చౌరస్తా దాటి క్వార్టర్ల ముందు ఆపాడు.

ఇంటి ముందు టెంటు వేశారు. లోపల కుర్చీలో దండ వేసిన ఫొటో. షిఫ్టు మనుషులు ముప్పై మంది దాకా ఉన్నారు. రాజయ్య భార్య సత్తెమ్మ నన్ను పట్టుకుని ఏడ్చి, చేయి పట్టి వంటింట్లోకి తీసుకుపోయింది. వెనకాలే యాకూబ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఆ రోజు చెప్పిందీ, చెప్పకుండా వదిలేసిందీ పూస గుచ్చినట్టు చెప్పి, క్షమించమన్నాను.

సత్తెమ్మ తల అడ్డంగా ఊపింది. గొంతు తగ్గించి, "ఆయనది పాము ఏడే కాదు చెల్లె" అంది.

రాజయ్యకు పదహారేళ్లప్పుడు తండ్రి పోయాడు. వెనక ముగ్గురు చెల్లెళ్లు. పద్దెనిమిది నిండితే తప్ప పనిలోకి తీసుకోరు కనుక, వయసు రెండేళ్లు ఎక్కువ చెప్పి బాయిలో చేరాడు. నిజానికి యాకూబూ ఆయనా ఒకే ఊళ్లో, ఒకే వాడలో పదిహేను రోజుల తేడాతో పుట్టారు. యాకూబ్ తండ్రి బడిపంతులు. కొడుకు పుట్టిన తేదీ రాసిపెట్టుకున్నాడు కనుక యాకూబ్ కార్డు మీద అసలు ఏడే ఉంది.

"అంటే రాజయ్యదీ మేక ఏడే" అన్నాను.

"గదే. నాది పాము గాదు అంటే, మరి కార్డు మీది ఏడేంది అంటరు. నౌకరి పోతదని భయం. అందుకే ఎవలేమన్నా పడ్డడు. యాకూబన్నకు ఎర్కే. ఆయననూ నోరిప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

యాకూబ్ రుమాలుతో మొహం కప్పుకున్నాడు.

"ఇప్పుడైనా చెబుదామా అక్కా, అందరూ ఉన్నారు" అన్నాను.

"వద్దు చెల్లె. బిడ్డకు ఆయన నౌకరి రావాలె. ఫైలు ఆఫీసుల నడుస్తంది. రెండేళ్ల ముచ్చట బయటవడితే ఏమైతదో." కొంగుతో కళ్లు తుడుచుకుని, "మేకేట పుట్టినోళ్లు ఎట్లుంటరు? నాకొక్కదానికి చెప్పు" అంది.

చెప్పాను. మెత్తని మనసు, ఎదుటివాళ్ల బాధ చూడలేకపోవడం, గొడవ వస్తే తానే తగ్గడం. ఆమె ఒక్కొక్క మాటకూ తలూపుతూ వింది. "అంతే ఉండె. అచ్చం అంతే ఉండె" అంది.

భోజనాలకు కూర్చునే ముందు నేను టెంటులో నిలబడ్డాను. తొమ్మిదేళ్ల కిందట క్యాంటీనులో నేను తప్పు చెప్పానన్నాను. లియు అన్న మాటలు పూర్తిగా చెప్పాను. నమ్మి చెప్పిన మాటను ప్రాణం పోయినా పెదవి దాటనివ్వని మనిషి అని ఆయన రాజయ్యను మెచ్చుకున్నాడని చెప్పాను. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి ఫొటో దగ్గరికి పోయి, "తప్పయిందే రాజన్నా" అని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. మటన్ కూర, పప్పుచారు వడ్డించారు. చాలామంది విస్తళ్లలో అన్నం మిగిలింది.

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో ఉన్నాను. గది శుభ్రంగానే ఉంది. సోమవారం ఏడున్నరకు సికింద్రాబాదు జేబీఎస్ బస్సు దొరికింది. పెద్దపల్లి, కరీంనగర్ మీదుగా పోతుంది. రైలు కన్నా గంట ఎక్కువే, కుదుపులూ ఎక్కువే.

రాజయ్య పోయాడని బస్సులోంచే లియుకు కబురు పంపాను. ఆయన ఇప్పుడు రిటైరై చైనాలో తన ఊళ్లో ఉంటున్నాడు. రాజయ్య ఎవరో గుర్తుంటాడో లేదో అనుకున్నాను. కరీంనగర్ చేరేలోపే జవాబు వచ్చింది. "గుర్తున్నాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు నాలుగు రోజులు గెస్ట్‌హౌస్‌కు గంజి తెచ్చి ఇచ్చాడు. భాష తెలియక మా ఇద్దరి మధ్య ఒక్క మాటా లేదు. నేను తాగేదాకా పక్కనే కూర్చునేవాడు."

ఈ సంగతి ఎనిమిది నెలలు అక్కడున్న నాకు తెలియదు. కరీంనగర్‌లో బస్సు పావుగంట ఆగింది. కిందికి దిగి సత్తెమ్మకు ఫోను చేసి, ఒక్క మాటా వదలకుండా తెలుగులో చెప్పాను.

అంతా విన్నాక సత్తెమ్మ, "ఆ గంజి కాసింది నేనే చెల్లె" అంది. "నాలుగొద్దులు పొద్దుగాల లేపి కాయించిండు. ఎవలికయ్యా అంటే చెప్పలే."

కండక్టరు పిలుస్తున్నాడు. ఇద్దరమూ ఫోను పెట్టలేకపోయాం.