మా అత్త వండిన బబ్బెర గుడాలు

మా అత్త మొన్న సోమవారం పోయింది. కరీంనగర్‌లో ఉన్న తన ఆడబిడ్డను చూసొస్తానని వెళ్లి, అక్కడే నిద్రలో పోయింది. రాత్రి కడుపునిండా బబ్బెర గుడాలు, అదే బొబ్బర్ల గుగ్గిళ్లు, తిని పడుకుందని కబురు తెచ్చిన మనిషి చెప్పాడు. ఏడ్చాను. గుడాల మాట వినగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను కూడా. ఆమె గురించి రాసేటప్పుడు ఈ రెండోదాన్ని దాచలేను. చదువుతుంటే రోత పుడితే ముక్కు మూసుకోండి, నేనూ అలాగే రాస్తున్నాను.

మాది వేములవాడ, మగ్గాల ఇల్లు. మా బాపు తేన్పు వచ్చినా వాకిట్లోకి పోయేవాడు. అలాంటి ఇంటి నుంచి బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్‌కు కోడలినై వచ్చాను. రెండు చిన్న గదులు. మామ, మా ఆయన ఇద్దరూ బాయిలో దిగేవాళ్లు. వాళ్ల కోసం అత్త వారంలో సగం రోజులు గుడాలే వండేది. రాత్రి నానేసిన బబ్బెర్ల మీద తెల్లారేసరికి బూడిద రంగు నురగ తేలేది, పులిసిన కంపు కొట్టేది. నన్ను కన్న అవ్వ అయితే ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, ఇంత వాము వేసి ఉడికించేది. నేనూ అలాగే గిన్నె వంచబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"అయ్యో పిల్లా, సారమంత అండ్లనే ఉన్నది. పారబోస్తె నా కొడుకు బొగ్గు తట్ట ఎట్ల మోస్తడు?"

ఆ సారం సంగతి మధ్యాహ్నానికల్లా తెలిసిపోయేది. వానాకాలం తలుపులు వేసి ఉన్న గదిలో, మీసానికి బబ్బెర పొట్టు అంటుకుని ఉండగానే, మామ ఒక పక్కకు ఒరిగి వదిలేవాడు. "లెవ్వుండ్రి, బాయి కూతైంది!" అని, షిఫ్టు సైరన్ మోగినట్టు, అత్త నవ్వేది. తనూ ఏం తక్కువ తినలేదు. అన్నం ముందు కూర్చుని ఏం వేళాకోళం ఇది! నేను కొంగు అడ్డం పెట్టుకుంటే ఇంకా నవ్వేవాళ్లు.

"దొంగతనం జేసినమా బిడ్డా, కడుపుల దాసుకోనీకి?" అనేది అత్త.

నేను మాత్రం దాచుకునేదాన్ని. కడుపు మెలిపెట్టినా సరే బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

మొదటి కాన్పు కష్టమై, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పిల్ల బాగానే ఉంది. నా కడుపు మాత్రం డోలులా ఉబ్బింది. గాలి పోతేగానీ పేగులు కదిలినట్టు కాదని డాక్టరమ్మ గుక్కెడు నీళ్లు కూడా తాగనివ్వలేదు. వచ్చినప్పుడల్లా వార్డంతా వినేలా "గాలి పోయిందా?" అని అడిగేది. ఇంకా పోకపోతే మళ్లీ కొయ్యాలని, తట్టుకుంటానో లేదో చెప్పలేనని మా ఆయనతో అంటుంటే నా చెవిన పడింది.

అత్త నా అరికాళ్లు రుద్దింది, వీపు రాసింది. నవ్వించబోయింది. కుట్లు లాగుతున్నాయని ఏడ్చాను. ఆమె ముఖంలో నవ్వు లేకపోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

"నీకు దండం పెడ్త బిడ్డా. గీ ఒక్కసారి జర సిగ్గిడువు. గా పసిదాని మొఖం జూడు. నేను ఇన, జూడ."

వార్డులో ఉన్న మగవాళ్లను బయటికి తరిమింది. నాకు వీపు పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడింది. ఆ నిలబడడం చూసి నా లోపల బిగుసుకున్నదేదో వదిలింది.

ఎంతసేపటికో వచ్చింది. నా జన్మలో అంత కంపు ఎరగను. చెవులు మూసుకున్న అత్తకు ముక్కే చెప్పినట్టుంది, గిరుక్కున తిరిగింది. నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఆ రోత వాసనలోనే నన్ను నొసటి మీద ముద్దు పెట్టుకుంది. కన్నతల్లి అయినా కాసేపు ఆగి పెట్టేదేమో. తర్వాత వరండాలోకి పరుగెత్తింది.

"నా కోడలు పిత్తింది! నా బిడ్డ బతికింది!"

సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. లోపల వాసన ఇంకా ఘోరంగా ఉంటే తీసేశాను. కిటికీలోంచి అత్త కనిపించింది. డాక్టరమ్మకు, ఊడ్చే ఆమెకు, దారిన పోతున్న ముక్కూ ముఖం తెలియని మనుషులకు చేతులు జోడించి, ఏడుస్తూ, ఆ మాటే చెబుతోంది.