పెద్దమ్మ తాకని సముద్రం

మా పెద్దమ్మ పోయింది. కోడుమూరు నుంచి వచ్చిన మనిషి వాకిట్లో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా ఆ మాట చెప్పాడు. కర్నూల్లో బస్సెక్కి నేను చేరేసరికి ఆమెకు స్నానం చేయిస్తున్నారు. వైశాఖ మాసం. బావి అడుగంటింది. ఉన్న నీళ్లే పొదుపుగా పోశారు.

ఆమె చెంబెడు నీళ్లు వృథా చేసిన మనిషి కాదు. బియ్యం కడిగినవి ఎనుముకు, చేతులు కడిగినవి కరివేపాకు చెట్టుకు. "పారబోసిన నీళ్లు మల్ల పిలిస్తే రావు నాయనా" అనేది. అలాంటి మనిషి ఒక్కగానొక్క కొడుకును నీళ్లే మింగాయి. యుద్ధంలో పటాలంతో ఓడెక్కాడు. ఓడ మునిగింది. శవమైనా రాలేదు. వాడుండే నీళ్లు ఒక్కసారి తాకాలన్నది తప్ప ఆ తర్వాత ఆమెకు ఇంకో కోరిక లేదు.

పెద్దనాయన వేలంలో పాత మిలిట్రీ వ్యాను కొన్నాడు. శెనక్కాయ పని ముగిశాక, కార్తీక పున్నమికి సముద్రం చేరాలని, వెనక నులక మంచం, కిరసనాయిలు పొయ్యి, జొన్నరొట్టెల మూట వేసుకుని ముగ్గురం బయలుదేరాం. బండి నేనే నడిపాను. నల్లమల ఘాట్లో ఇరుసు విరిగింది. సముద్రం కంటబడేసరికి పున్నమి దాటిపోయింది.

పున్నమి, అమావాస్య లాంటి పర్వదినాన తప్ప సముద్రాన్ని తాకకూడదని మావాళ్ల నియమం.

"దిగు పెద్దమ్మా, ఈడ మనల్ని ఎవరు చూస్తాండారు?" అన్నాను.

"నాకేమైనా కానీ. ఆ పాపం వానికి తగిల్తే? వాడు ఆ నీళ్లల్లోనే ఉండాడు కదా."

నేను మళ్లీ బండి తాళం తిప్పాను.

అమావాస్య దాకా ఆగుదామనుకుని రాళ్ల తీరం వెంబడి ఉత్తరానికి సాగాం. వంట, పడక అన్నీ వ్యానులోనే. స్నానాలకు వచ్చిన జనమంతా ఎప్పుడో వెళ్లిపోయారు. పొద్దంతా ఆమె కిటికీ వదిలేది కాదు. ఆగినచోటల్లా ఒడ్డున కూర్చునేది. అల దగ్గరికి వస్తే కాళ్లు ముడుచుకునేది. "సీమోళ్లు నీళ్లు చూసి పారిపోతాండారని నవ్వుతారే" అని పెద్దనాయన ఎగతాళి చేస్తే ఆమే నవ్వేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

అమావాస్య తెల్లవారేసరికి గాలివాన పట్టుకుంది. "ఎల్లకమ్మా, లాగేసుద్ది!" అని జాలర్లు అడ్డం నిలబడ్డారు. ఆమె వినలేదు. రాళ్ల మీదికి పోయి, "వచ్చినా రా, నాయనా! శానా దూరం వచ్చినా!" అని అరిచింది. పెద్దనాయన రెక్క పట్టి లాక్కొచ్చాడు. "సముద్రం యాడికి పోతాది? వచ్చే ఏడు వస్తాంలే" అన్నాడు.

వచ్చే ఏటికి ఆయనే లేడు. వ్యాను దొడ్లో తుప్పుపట్టింది. కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. పెద్దమ్మ మళ్లీ సముద్రం మాట ఎత్తలేదు. సంగటి కుండలో వేసే ముందు ఉప్పురాయిని మాత్రం అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసేది.

కొరివి నేనే పెట్టాను. అస్థికలు సముద్రంలో కలుపుదామంటే పెద్దలు ఒప్పుకోలేదు. "అంత దూరం ఎవరు పోతారప్పా? తుంగభద్రలో వేస్తే అదే తీసకపోతాది" అన్నారు. మాట నిజమే. కానీ ఎండాకాలం ఏరు ఎక్కడుంది? కనుచూపు మేరా ఇసుకే. వెతగ్గా వెతగ్గా ఒక మడుగు కనబడితే అందులో వదిలాం.

పారే నీరు కాదది. బూడిద గాలికి కాస్త కదిలి, మళ్లీ నా కాళ్ల దగ్గరికే వచ్చింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.