డబ్బాలో ఖాళీ గుంట

గన్‌ఫౌండ్రీ సందులో ఉండే మా రిపేరు షాపుకు యజమాని అన్న. సొంత అన్న కాదు. పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నాం. కరెంటును తెర మీద అలలా చూపించే పాత ఆసిలోస్కోపు ఒకటి ఆయనకు ప్రాణం. దాని ప్రోబ్ వైర్లకు తగిలించే కొక్కేలు, క్లిప్పులు, స్ప్రింగులు ఇప్పుడు ఎక్కడా దొరకవు. బిస్కెట్ల డబ్బాలో స్పాంజి వేసి, ఒక్కోదానికి బ్లేడుతో గుంట కోసి దాచాడు. ఏది తీసినా, ఎవరు తీశారో తెలిసేలా ఆ గుంటలో మన పెన్ను మూత పెట్టాలి. ఆయనది ఎరుపు, నాది నీలం.

ఒకరోజు నాంపల్లిలో పని పడి, డబ్బాలోని ఇత్తడి అడాప్టర్ తీసుకుని ఆదరాబాదరాగా వెళ్లాను. మూత పెట్టలేదు.

మర్నాడు అడిగాడు. "తమ్మీ, ఇత్తడిది నువ్వు తీసినవా?"

"నేను తీస్తే మూత పెట్టకపోదునా అన్నా? అద్దాలు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంత దేవులాడే మనిషివి, నన్నడుగుతున్నవా?"

సగం మాటలోనే నా సంచిలో ఉందని గుర్తొచ్చింది. అయినా మాట పూర్తి చేశాను.

ఆయన నవ్వాడు. "ఔ, గదీ నిజమే."

మూడు రోజులు వెతికాడు. ఆయనతో పాటు నేనూ బల్ల కింద దూరి వెతికాను. చెబుదామనుకున్న ప్రతి రోజూ చెప్పడం ఇంకా కష్టమైంది. ఈలోగా ఆయన బోర్డు మీద తను సోల్డరింగుతో వేసిన ప్రతి టాంకా రెండుసార్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత బోర్డు నా వైపు జరిపేవాడు. "జర నువ్వే చూడు తమ్మీ. నా మీద నాకే నమ్మకం లేదు."

ఆ ఏటి దసరా తర్వాత షాపుకు రావడం మానేశాడు. ఎంత పిలిచినా రాలేదు. పిలిచానే గానీ, నిజం మాత్రం చెప్పలేదు.

మొన్న ఆయన పెద్దకర్మ అయ్యాక వదినె డబ్బా నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు. ఇందుల ఒకటి తక్కువున్నదట. ఏమనుకోవద్దని చెప్పమన్నడు."

ఆమెకూ చెప్పలేకపోయాను. అబిడ్స్ దాకా నడిచి, పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని డబ్బా తెరిచాను. మిగతావన్నీ వాటి వాటి గుంటల్లో ఉన్నాయి. ఇత్తడి అడాప్టర్ గుంటలో ఆయన ఎర్ర మూత ఉంది.

అడాప్టర్ నా జేబులోనే ఉంది. అది తిరిగి పెట్టాలంటే ఆయన పెట్టిన మూత నేను తీయాలి.