మావయ్య పోల్చిన నడక

మొన్న గురువారం పొద్దున్న టీ తాగుతూ తాగుతూనే పక్కింటి మావయ్య పోయారు. మా బస్తీ ఖుర్సీపార్‌లో వాళ్ళ గోడా మా గోడా ఒకటే. బంధువేం కారు. భిలాయిలో పుట్టి, హిందీ తప్ప మరో మాట నోట పలకని నాకు పలక మీద అ, ఆలు దిద్దించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాస్తున్నానంటే ఆయన చలవే.

మావయ్య ముప్పై ఏళ్ళు ఉక్కు కర్మాగారంలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేశారు. కొలిమి కప్పు మీద డ్యూటీ. కింది సెగకి చెక్క అడుగున్న బూట్లు, కళ్ళు మాత్రమే కనపడేలా ముఖానికి చుట్టిన గంఛా తువ్వాలు. అక్కడ ఎవరినైనా నడక చూసే పోల్చుకోవాలి. "మొకంతో ఏటి పనమ్మా, అడుగు సూస్తే సాలదా" అనేవారు గొప్పగా. మేమూ మురిసిపోయేవాళ్ళం.

ఆ గొప్పే కొంప ముంచింది. ఒక సాయంత్రం మా వీధి చివర కొట్టాయన్ని ఎవడో పొడిచి చంపి పారిపోయాడు. వాడి ముఖానికీ గంఛాయే. మావయ్య వెనకనుంచి చూశారు. వారం తరవాత పోలీసులు ఆయన్ని స్టేషన్‌కి పిలిచి, కోక్ ఓవెన్‌లోనే పనిచేసే ఒక ఠేకా కూలీని, అంటే కాంట్రాక్టు మనిషిని, ఆవరణలో నడిపించి చూపించారు. "ఇదే నడక" అన్నారు మావయ్య. తరవాత జైల్లో పదిమందిని వరసగా నిలబెడితే, తడుముకోకుండా అతన్నే పట్టుకున్నారు. కోర్టులోనూ అతన్నే చూపించారు. యావజ్జీవం పడింది.

కిందటేడు ఎవరో చుట్టాలొస్తే, ఆ హంతకుడి నడక వాళ్ళకి నడిచి చూపిస్తున్నారు. అత్త వంటింట్లోంచి చూసి నవ్వింది. "సూపించీదేటయ్యా, అది నీ నడకే గదా! సెక్క బూట్లు తొడిగినోలందరూ అలగే నడుస్తారు."

మావయ్య నడక మధ్యలోనే ఆపేశారు. చాలా రోజులు సరిగ్గా తినలేదు. "తెలిసినోల్నే పోల్చినాను గానీ, తెలీనోన్ని ఎప్పుడు పోల్చినానమ్మా? జైల్లో నాను పట్టుకున్నది స్టేషన్లో సూసినోన్నే" అన్నారు నాతో.

కోహ్కా బస్తీలో ఆ కూలీ భార్య ఇంటికి వెళ్ళి చేతులు జోడించారు. ఆవిడ తిట్టలేదు, వకీలు దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పీలులో పెట్టడానికి, "నేను పొరబడ్డాను" అని మావయ్య మాటగా ఆ వకీలు కాగితం టైపు చేయించి ఇచ్చాడు. సంతకం ఒక్కటే బాకీ.

"మాట మారిస్తే మీమీదే కేసు పెడతారు మావయ్యా, కొన్నాళ్ళు ఆగండి" అని ఆపింది నేను. సిగ్గుతో రాస్తున్నాను. నా మాట విని ఆరునెలలు ఆగారు. పోయే ముందురోజు మాత్రం, "సోమారం ఎల్తానమ్మా, ఇంక ఆపకు" అన్నారు.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టాక ఆ కూలీ భార్య వచ్చింది. కాగితం కోసమే వచ్చిందట, పోయారని తెలీదు. "దీదీ, సంతకం పెట్టారా?" అని హిందీలో అడిగింది. లేదన్నాను. ఆవిడ ఏడవలేదు. గుండెల మీద దారంతో కలిపి కట్టేసిన మావయ్య చేతి బొటనవేళ్ళ వంకే చూస్తూ, పాడె లేచేదాకా అక్కడే నిలబడింది.