బతికిన పిల్లను చంపిన కథ

కువైట్‌లో నేను ఎవరి కారు నడిపేవాడినో ఆ ఫిలిప్పీన్స్ దౌత్యాధికారి కథలు కూడా రాసేవారు. రాసి ఊరుకోక, ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడల్లా నాకు వినిపించేవారు. నా ప్రాణం విసిగిపోయేది.

ఒకసారి సబా అల్ సలేంలో ఇంటిపని చేసే వాళ్ళ దేశపు అమ్మాయి దెబ్బలకు తాళలేక గోడ దూకి కాలు విరగ్గొట్టుకుంది. ఈయన ఆమెకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్ చుట్టూ తిరిగి తిరిగి పాస్‌పోర్టు విడిపించారు. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. చక్రాల కుర్చీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది.

కొన్నాళ్ళకు రిగ్గై సిగ్నల్ దగ్గర ఆమె కథే మొదలుపెట్టారు. కథ చివరికి ఆ పిల్ల గోడ కిందే చచ్చిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "మీరే కాపాడి, మీరే చంపేస్తే ఎలా సార్?" అన్నాను.

"క్షేమంగా వెళ్ళిందని రాస్తే, అది చదివి ఇంకో తల్లి ధైర్యంగా కూతుర్ని పంపిస్తుంది" అన్నారాయన.

ఇంటిపని వీసా తీయమని మా చెల్లెలు కోనసీమ నుంచి నన్ను వేధిస్తున్న రోజులవి. ఆ సాయంత్రమే ఫోన్ చేసి వద్దన్నాను.

"నువ్వెళ్ళొచ్చు గానీ నేను రాకూడదేంటన్నయ్యా?" అంది.

ఫోన్ పెట్టేసి, నాకీ భయం పట్టించిన సార్‌ని నోరారా తిట్టుకున్నాను.