కొసల మీద పూసే తీగ

మా అక్క మాచర్లలో టీచరుగా చేసి రిటైరైంది. బావ పోయిన ఏడాదికి నా దగ్గరికి వచ్చేసింది. వచ్చేటప్పుడు బట్టలు ఒక్క సూట్‌కేసే, కుండీలు మాత్రం ట్రాలీ ఆటో నిండా తెచ్చుకుంది. మాది బొల్లాపల్లి వైపు మెట్ట సేద్యం. పత్తి, మిరప, కంది. తినడానికో అమ్మడానికో పనికిరాని మొక్కకి బిందెలు మోయడం నాకు ఒట్టి చాదస్తంగా కనపడేది. "ఈ క్రోటన్లు క్వింటా ఎంత పలుకుతయ్ అక్కా?" అని ఏడిపించేవాణ్ణి. "నీ తలకాయ పలుకుతయ్, ముందు నీళ్ళు పట్టు" అనేది.

ఒక్కో మొక్క గుణం ఆమెకు కంఠతా వచ్చు. కాగితంపూల మొక్కకి నీళ్ళు ఎక్కువైతే ఆకులేస్తుంది తప్ప పూలు రావు, కాస్త ఎండగట్టాలి. క్రోటన్‌ని నీడకి జరిపితే ఎరుపూ పసుపూ పోయి వట్టి పచ్చగా మిగులుతుంది. టేబుల్ రోజాలు పొద్దెక్కాక విచ్చుకుని, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటాయి. ఇవన్నీ చెప్తుంటే నేను ఊ కొట్టేవాణ్ణి గానీ చెవికెక్కించుకునేవాణ్ణి కాదు.

అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం రాధామనోహరం తీగ. గేటు పక్కన ఇనుప పందిరికి పాకించింది. మొదటి రెండేళ్ళు అది పొదలాగా మొండికేసి కూర్చుంది. మూడో ఏడు ఒక్కసారిగా లేచింది. రాలిన ఆకుల కాడలు ముళ్ళలా గట్టిపడితే, వాటితోనే పందిరిని పట్టుకుని పైకి పోయింది. దాని పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది. మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, ఆ పై రోజుకి ఎర్రబడుతుంది. అందుకే ఒకే గుత్తిలో మూడు రంగులూ కనపడతాయి. ఆ ఏడు కొత్తగా సాగిన కొసల మీదే అది పూస్తుందని కూడా అక్కే చెప్పింది. ముదురు కొమ్మ ఎంత లావున్నా దానికి పువ్వు రాదట.

తర్వాత అక్క కళ్ళు చెడ్డాయి. నీటికాసులు అన్నారు గుంటూరు డాక్టర్లు. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కంట్లో నడిమధ్య కొంచెం చూపు మిగిలింది, అదీ గొట్టంలోంచి చూసినట్టు. "చుక్కలు మానకండి. ఈ ఏడు నిలిస్తే గొప్పే" అన్నాడు పెద్ద డాక్టరు. బస్సులో వచ్చేటప్పుడు అక్క ఏడవలేదు. కిటికీ వైపు మొహం పెట్టుకుని, "ఈ వానలకి రాధామనోహరం పూస్తే ఒక్కసారి కళ్ళారా చూసుకుంటానురా. ఆ తర్వాత పోతే పోనీ" అంది.

ఆషాఢంలో మందారాలకి పిండినల్లి పట్టింది. అక్క ఆకుల అడుగున వేళ్ళతో తడిమి, "ఇది అన్నిటికీ పాకిద్దిరా, కాస్త వేపనూనె కొట్టు" అంది. ఆ రోజు పొద్దున్నే నేను పొలం గట్ల మీద గడ్డిమందు కొట్టి వచ్చాను. గడ్డిమందు పోసిన స్ప్రే పంపుని సబ్బునీళ్ళతో మూడు నాలుగు సార్లు కడగందే ఇంకో మందు పోయకూడదు. మా ఊళ్ళో ఎవర్ని నిద్రలేపి అడిగినా ఈ మాట చెప్తారు. పత్తికైతే నేను వేరే పంపే వాడతాను, దాన్ని ఇంకొకరి చేతికి కూడా ఇవ్వను. ఆ పంపు చేలో షెడ్డులో ఉండిపోయింది. అందుబాటులో ఉన్న ఈ పంపులోనే ఒక చెంబు నీళ్ళు పోసి, కుదిపి పారబోసి, వేపనూనె కలిపాను. పూలమొక్కలేగా అనుకున్నాను. ఆ ఒక్క మాటకి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. మందారాలకి కొట్టగా మిగిలింది దండగెందుకని రాధామనోహరాన్ని కింద నుంచి పైదాకా తడిపాను. అప్పటికి దాని కొసలు బారెడేసి సాగి ఉన్నాయి.

నాలుగో రోజుకి కొసలన్నీ మెలితిరిగాయి. లేతాకులు సన్నగా ముడుచుకుపోయి కిందికి వంగాయి. పత్తి రైతుకి ఆ మెలిక చూడగానే తెలుస్తుంది. అక్క వచ్చి ఒక కొసని వేలికి చుట్టుకుని నిలబడింది. ఆమె కూడా రైతుబిడ్డే.

"ఇది గడ్డిమందు దెబ్బరా. ఎవరు కొట్టారు?"

ఆమెకు నా మీద అనుమానం లేదు. ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. "పక్కింటి వదిన మొన్న దొడ్లో గడ్డికి మందు కొట్టించిందిగా. గాలికి ఇటు పడి ఉంటది."

వదిన కొట్టించిన మాట నిజమే. గాలి మాత్రం ఆ రోజు అటు వైపు వీచింది.

ఆ వదిన రోజూ సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చుని అక్కకి పేపరు చదివి వినిపించేది. ఆ సాయంత్రం అక్క తలనొప్పని తలుపేసుకుంది. మర్నాడూ అంతే. మా వైపు మనుషులు కోపమొస్తే వీధిలో అరిచి తేల్చుకుంటారు, లేదంటే ఒక్క మాట అనకుండా గడప తొక్కడం మానేస్తారు. అక్క రెండో రకం. వారం పోయాక వదిన నన్ను గేటు దగ్గర ఆపింది. "ఏందయ్యా, మీ అక్క నా మీద అలిగిందా? నేనేమన్నాను?"

"అదేం లేదు వదినా, కళ్ళతో చిరాగ్గా ఉంటంది" అన్నాను. మొదటి అబద్ధానికి రెండోదాన్ని కాపలా పెట్టాను.

శ్రావణం వచ్చింది. మా తీగ చావలేదు. మాడిన కొసలు రాలిపోయి, పందిరి మీద ముదురు కొమ్మలు మిగిలాయి. మళ్ళీ కొసలు సాగి పూయాలంటే వచ్చే ఏడే. అక్క కంటికి వచ్చే ఏడు లేదు.

ఒక పొద్దున వదిన తనే వచ్చి మా గడప అవతల నిలబడింది. "వదినా, నువ్విచ్చిన రాధామనోహరం కొమ్మ మా రేకుల షెడ్డు మీదికెక్కి ఈ ఏడే మొదటిసారి పూసింది. చానా విరగబూసింది. నా చెయ్యి పట్టుకో, తీసుకుపోయి చూపిస్తా" అంది. ఆ షెడ్డు వాళ్ళింటి వెనక ఉంది, మా వాకిట్లోంచి కనపడదు.

అక్క గోడ వైపు తిరిగి, "వెలుతురులోకి రాలేను వదినా" అంది. నేను బిందె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు, ఇద్దరూ అప్పుడే లేచి వెళ్ళేవాళ్ళు. యాభై దాటిన మనిషినై ఉండి, ఇద్దరు ఆడవాళ్ళ ముందు పరువు పోతుందని నోరు కుట్టుకున్నాను. వదిన చెంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. "తన తీగకి తగలకుండా కొట్టించుకుంది చూడు" అంది అక్క.

ఆ నెలంతా పొద్దు గూకే వేళకి వాళ్ళ పెరట్లోంచి వాసన వచ్చేది. కిటికీ వెయ్యమనేది అక్క. నేనే లేచి వేసేవాణ్ణి.

దసరా వెళ్ళాక ఒక రోజు కంట్లో చుక్కలు వేస్తుంటే, "లైటు వెయ్యరా, చీకట్లో ఎక్కడో పోస్తావు" అంది. పొద్దుటి ఎండ ఆమె మొహం మీదే పడుతోంది. నేను మంచం పక్కన కూలబడి ఏడ్చాను. పంపు సంగతి, చెంబు నీళ్ళ సంగతి, వదిన మీద చెప్పిన అబద్ధం, అంతా చెప్పేశాను.

అక్క తిట్టలేదు. "వాళ్ళది ఇంకా పూస్తా ఉందా?" అని అడిగింది.

"లేదక్కా. అయిపోయినయ్."

చెంప మీదికి జారిన మందుని కొంగుతో తుడుచుకుంది.

"అప్పుడే చెప్పుంటే నిన్ను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. మూడో రోజు వాళ్ళ పెరట్లోకి పోయి చూసొచ్చేదాన్ని గదరా" అంది.